ఒడ్డెక్కిన పిల్లకు రెండో భాగం

దేశంలో సమస్యలన్నీ తీరిపోయాయేమో, ఆ వేసవిలో మైపాడు ఒడ్డున మా టీ అంగడి ముందు ఒకే ఒక్క సమస్య మిగిలింది. ఒక జపాన్ బొమ్మల సీరియల్‌కు రెండో భాగం తీయాలా, వద్దా? తీసేవాళ్ళు జపాన్‌లో ఉన్నారు. తేల్చేవాళ్ళు మాత్రం మా బెంచీల మీద, ఒళ్ళో వలలు పరుచుకుని, టీ మీద టీ తాగుతూ కూర్చున్నారు.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. ప్రతి వేసవిలో రెండు నెలలు మాకు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టుకునే కాలమని సర్కారు పడవలను ఒడ్డెక్కిస్తుంది. చేపలు ఏం పెట్టుకుంటాయో గాని, మగవాళ్ళు మాత్రం నా అంగట్లో కాపురం పెడతారు. చిరిగిన వలలు తెచ్చుకుని పగలంతా కుడతారు. చేతులకు పని ఉంటుంది, కళ్ళకూ నోళ్ళకూ ఉండదు. ఆ కళ్ళ కోసం మా ఆయన తన ఫోన్‌ను బిస్కెట్ల సీసాకు ఆనించి, తెలుగులో మాట్లాడే ఆ సీరియల్ పెట్టాడు. నోళ్ళ సంగతి సీరియలే చూసుకుంది.

కథానాయిక మాలాగే చేపలు పట్టే ఇంటి పిల్ల. జుట్టు నీలం, కళ్ళు ముఖంలో సగం. చంద్రుణ్ణి మింగిన సముద్రపు రాక్షసుడి మీదికి తెడ్డు పట్టుకుని ఒక్కతే పోతుంది. కొట్టేముందు అరగంట ఉపన్యాసం ఇస్తుంది. ఆ రాక్షసుడు ఎంత మర్యాదస్తుడో, అది అయ్యేదాకా నోరు తెరుచుకుని వింటాడు. మా ఇంట్లో నా మాట అంతసేపు విన్నవాడు ఇంతవరకూ లేడు.

శ్రీహరికోటలో రాకెట్ లేస్తే ఎంత పనిలో ఉన్నా ఒడ్డుకు పరుగెత్తి చూసే మనుషులు వీళ్ళు. ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం రాకెట్ పోయింది. నేనొక్కదాన్నే చూశాను. "రాకెట్ పోతా ఉండాది, చూడండ్రా" అని అరిస్తే, "గమ్మునుండు వదినా, రాక్షసుడు లేస్తా ఉండాడు" అన్నాడు మా మరిది. మరిది అంటే తోడబుట్టినవాడు కాదు. మా ఆయనతో ఏళ్ళ తరబడి ఒకే పడవలో వేటకు పోయినవాడు.

మా ఆయన సంగతి కూడా చెప్పాలి. నిషేధానికి ముందు, అలల్లోకి పడవ తోస్తుండగా అది ఒరిగి ఆయన మోకాలి మీద పడింది. కాలు నిలిచింది గాని, ఊగే పడవలో నిలబడే కాలు కాదది. ఇక వేట మానుకోమని నెల్లూరులో డాక్టరు చెప్పాడు. ఆ మాట ఆయన ఎవరితోనూ అనలేదు, ఎవరూ ఆయనతో అనలేదు. నిషేధమంతా అందరూ ఒడ్డు మీదే ఉన్నారు కాబట్టి ఆయన కూడా అందరిలో ఒకడైపోయాడు. పడవలు మళ్ళీ దిగిన రోజు ఈ మనిషి ఏమైపోతాడో అని నాకు లోపల ఒకటే దడ. అది బయటపడకుండా నోరు చేసుకుని తిరిగాను. ఆ విద్య నాకు పుట్టుకతోనే వచ్చింది.

సీరియల్ చివరి రోజు వచ్చింది. రాక్షసుడు చస్తూ చస్తూ ఆ పిల్ల కాలు కొరికాడు. చంద్రుడు బయటపడ్డాడు. పిల్ల కుంటుకుంటూ ఒడ్డెక్కి, తెడ్డు ఇసుకలో గుచ్చి కూలబడింది. స్నేహితులు పడవలెక్కి పోతుంటే చెయ్యి ఊపింది. సమాప్తం.

"సమాప్తం ఏంది?" అన్నాడు మా ఆయన, ఎవరో జేబు కొట్టేసినట్టు.

మరిది ధైర్యం చెప్పాడు. "అది సమాప్తం గాదన్నా, మన వేటకు మాదిరి బ్యాను. కథలు గూడా గుడ్లు పెట్టుకోవాల గదా. మన పడవలు దిగే రోజుకు వాళ్ళు గూడా రెండో భాగం దించతారు చూడు."

నమ్మారండీ! అందరూ తలలూపి మళ్ళీ వలలు అందుకున్నారు. గాలి వాసన చూసి తుఫాను చెప్పగల మేధావులట వీళ్ళు.

వాళ్ళ ఆశల మీద నీళ్ళు చల్లినవాడు ఐసు సాయిబన్న. నిషేధంలో ఐసు కొనే దిక్కు లేకపోయినా, నెల్లూరు నుంచి ఆటో వేసుకుని సీరియల్ కోసం వచ్చేవాడు. ఫోన్‌లో చదివి చెప్పాడు. తీసినవాళ్ళకే ఇంకా తేలలేదట. చూసినవాళ్ళలో కావాలని కొందరు, వద్దని కొందరు కొట్టుకుంటున్నారట. "నన్నడిగితే వద్దబ్బా. పెండ్లయిపోయి అందరూ ఇండ్లకు పొయినాక మళ్ళా బ్యాండు వాయిస్తారా ఎవురైనా?" అన్నాడు.

అంతే, అంగడి రెండు ముక్కలైంది. రావాల్సిందే అనేవాళ్ళకు మా ఆయన నాయకుడు. దెబ్బ తగిలినప్పటి నుంచి ఇంట్లో ముక్తసరిగా మాట్లాడే మనిషి, ఆ నీలం జుట్టు పిల్ల తరఫున బల్ల గుద్ది వాదించాడు. నేను వద్దనే పక్షం. ఆయన అవునన్నదాన్ని నేను కాదనకపోతే ఊళ్ళోవాళ్ళు మా కాపురాన్ని అనుమానిస్తారు.

"రాక్షసుడు సచ్చినాడు, చంద్రుడొచ్చినాడు, పిల్ల ఒడ్డెక్కింది. ఒడ్డెక్కి కూర్చున్నాక ఇంకేం కథయ్యా? రెండో భాగమంతా ఎండుచేపలు తిరగేస్తా, కాకుల్ని తోలతా కూర్చుంటాదా? అది చూసేదానికి మీరంతా నా ప్రాణం తీస్తారా?" అన్నాను.

బెంచీలన్నీ నవ్వాయి. సాయిబన్న చప్పట్లు కొట్టాడు. ఊపు మీద ఇంకో మాట అనబోతూ మా ఆయన వైపు చూశాను. ఆయన నవ్వలేదు.

"అయితే ఒడ్డెక్కితే అయిపోయినట్టేనా మే?" అన్నాడు. మెల్లగా అన్నాడు. వాదన కోసం అడిగినట్టు లేదు.

నవ్వులు ఆగిపోయాయి. మరిది వలలోకి తల దించేశాడు. ఛీ, నా నోరు పడిపోనూ, అనుకున్నాను. పైకి మాత్రం "పాలు పొంగుతుండాయి" అని పొయ్యి దగ్గరికి నడిచాను. పాలు అప్పటికి ఇంకా పొయ్యి మీద పెట్టనే లేదు.

నిషేధం అయిపోయింది. గంగమ్మకు పొంగలి పెట్టారు, పడవల ముక్కులకు పసుపు కుంకుమ పూశారు. మా దగ్గర వేటకు పోయేవాణ్ణి ఎప్పుడొస్తావని అడగకూడదు. ఒడ్డున ఉన్నవాళ్ళు మాట్లాడకుండా పడవకు ఒక చెయ్యి వేసి తోస్తారు. మా ఆయన కూడా వచ్చి చెయ్యి వేశాడు. మరిది పక్కకు జరిగి చోటిచ్చాడు. మోకాలి లోతు దాకా తోసి ఆయన ఆగిపోయాడు. మిగతావాళ్ళు ఎక్కారు. పడవ అల దాటాక మరిది చెయ్యి ఊపాడు. సీరియల్ పిల్ల బుద్ధిమంతురాలు, తిరిగి ఊపింది. మా ఆయన ఊపలేదు.

పొద్దెక్కేసరికి అంగడి బోసిపోయింది. వీళ్ళ పీడ ఎప్పుడు విరగడవుతుందా అని రెండు నెలలు తిట్టుకున్నాను కదా, విరగడయింది. వచ్చి చూస్తే ఒక్క ఈగ తప్ప బెంచీ మీద ఎవరూ లేరు. మా ఆయన అంగడి పక్క వలల షెడ్డులో ఒక్కడే కూర్చుని, చిరగని చోట కుడుతున్నాడు. ఫోన్ పక్కనే పడి ఉంది, ముట్టుకోలేదు.

పొయ్యి మీద పాలు పెట్టి, ఫ్లాస్కులో ఉన్న టీ రెండు గ్లాసుల్లో పోసుకుని, వెళ్ళి ఆయన పక్కన వల మీద కూర్చున్నాను. పని వేళ కూర్చునే అలవాటు నాకు లేదు. ఆయన వింతగా చూశాడు.

"అంగడెవురు చూస్తారు?"

"కాకులు చూస్తాయిలే. ఏమయ్యా, ఆ పిల్లకు రెండో భాగం తీస్తే ఏం చూపిస్తారంటావు? మళ్ళా రాక్షసుడేనా?"

"నువ్వు వద్దన్నావు గదా."

"అన్నాను. ఇప్పుడు రావాలంటుండా. నా నోరు, నా ఇష్టం."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు గాని, కుట్టే చెయ్యి ఆగింది. పడవలు దూరంగా చుక్కల్లా కనబడుతున్నాయి. వాటి వైపే చూస్తూ అన్నాడు.

"రాక్షసుడు తర్వాత మే. ముందు ఆ పిల్లకు ఒడ్డు మీద పొద్దెట్ట పోతాదో అది చూపించాల. అది చూపించకుండా సమాప్తం ఏస్తే ఎట్ట?"

అంగట్లోంచి పాలు పొంగిన వాసన వచ్చింది, ఈసారి నిజంగానే. పొంగనీ అని అక్కడే కూర్చున్నాను.