అంచు లేని తెల్లజెండా

బతికుండగానే తన చావు పరామర్శకు తానే వెళ్లిన ఘనుణ్ని మీరెప్పుడైనా చూశారా? లేదంటే నన్ను చూడండి.

పంతొమ్మిది వందల డెబ్బైల చివర్లో, హిందూపురంలో, పెళ్లయిన ఆరో నెలలో ఒక మధ్యాహ్నం మా సరోజతో, “నీ సంగటి ముద్దలతో కట్టింటే పెనుకొండ కోట ఇంకో వెయ్యేండ్లు నిల్చేది” అన్నాను. నేను నోరు మూసేలోగా ఆమె పుట్టింటికి, ధర్మవరం బండెక్కేసింది. నెలయినా రాలేదు. రాసిన పదకొండు ఉత్తరాలకూ జవాబు లేదు. నా వంట వాసనకు వీధికుక్కలు కూడా దారి మార్చుకున్నాయి.

సైకిల్ షాపు మస్తాన్ దగ్గర మొర పెట్టుకున్నాను.

“తెల్లజెండా ఎత్తబ్బా” అన్నాడు, పంక్చరు వేస్తూ.

“ఓడిపోయినాననా?”

“కాదబ్బా. యుద్ధంలో తెల్లగుడ్డ ఊపితే ‘ఇంక కొట్టొద్దు, మాట్లాడుకుందాం’ అని. మాటవరసకు అట్లంటారు. పోయి తప్పొప్పుకో, అంతే.”

అంతటితో ఊరుకుంటే బాగుపడేవాణ్ని. కానీ మగ్గాల ఊరి పిల్ల దగ్గరికి వట్టి మాటతో ఎట్లా పోవడం? జెండా పట్టుచీరయితే? ఈ మేధస్సు పూర్తిగా నాదే. మస్తాన్‌ను తిట్టకండి.

ధర్మవరంలో, మామగారి వీధి మొదట్లోనే ఒక ముసలి నేతగాడి ఇంట్లో దూరాను.

“తెల్ల పట్టుచీర కావాల. అంచు, బుటా ఏమీ ఉండగూడదు.”

ఆయన మగ్గం ఆపాడు. “ఎవురికప్పా?”

“మా సరోజకు. నా పెండ్లానికి.”

“అయ్యో, ఆయమ్మకా!”

“ఆమె బాగానే ఉండాది. నా పనే అయిపోయింది పెద్దాయనా. నెలనుంచి అన్నం దిగల్యా, నిద్ర ల్యా. ఇంక ఇదొక్కటే దారి.”

ఆయన కళ్లు తుడుచుకున్నాడు. పెట్టె అడుగు నుంచి చీర తీసిచ్చి, నా వీపు నిమిరాడు. నేతపనివాళ్ల మనసు ఎంత మెత్తనో అని పొంగిపోయాను!

అందంగా కనబడాలని గడ్డం గీయించుకోవడానికి కూర్చున్నాను. అదే కొంప ముంచింది. ఈలోగా ముసలాయన కబురు నాకంటే ముందు పోయింది. నేను వెళ్లేసరికి మామగారి వాకిట్లో సగం ధర్మవరం ఉంది. సరోజ వాళ్లవ్వ నన్ను పట్టుకొని, “ఏం వయసొచ్చిందని నాయనా నీకు!” అంటూ గొల్లుమంది. అల్లుడంటే ఇంత ప్రేమా అనుకుంటూ పొట్లం విప్పి, చీరను రెండు చేతులా పైకెత్తాను.

వీధి వీధంతా మగ్గాల చప్పుడు ఆగిపోయింది.

సరోజ ఏడ్చి ఏడ్చి వాచిన కళ్లతో బయటికొచ్చింది. “డాక్టరు ఎన్ని దినాలన్నాడు?”

“ఏ డాక్టరు? దినాలెందుకు, ఈ సాయంత్రమే పోదాం!”

అవ్వ కూలబడింది.

“నాకే రోగమూ ల్యా! ఇది తెల్లజెండా! శాంతి! శాంతి!” అని గావుకేక పెట్టాను.

కూలబడిన అవ్వ చేట పట్టుకొని లేచింది. “ఎవురికి శాంతి? నీ ఆత్మకా? మొగుడివి గుండ్రాయి మాదిరి ముందర నిలబడి, పెండ్లానికి తెల్లచీర తెస్తావా? ఏమబ్బా, అన్నమే తింటాండావా?”

చేట విరిగింది. నేను విరగడం కొద్దిలో తప్పింది. ఆ తర్వాత అవ్వ ఆ చీరను పసుపునీళ్ల గుండిగలో ముంచి, పిండి, మనవరాలి చేతిలో పెట్టింది.

“పో తల్లీ. వీన్ని ఒంటిగా వదిలితే, ఈ తూరి ఫోటోకు దండేసుకోని వస్తాడు.”

సాయంత్రం బండిలో ఆ పసుపుపచ్చ చీరే కట్టుకొని నా ఎదురుగా కూర్చుంది సరోజ. కిటికీలో పెనుకొండ కొండ, దాని మీద కోటగోడలు కనబడగానే వేలు చూపించింది.

“అద్దో, చూడు. నా సంగటి ముద్దలు. ఇంకా నిల్చే ఉండాయి.”

బోగీలో ఉన్నవాళ్లంతా కోటవైపు చూశారు. నేను తలొంచుకొని, ఆ కొండ సాక్షిగా మనసులోనే ప్రమాణం చేశాను: ఇకమీదట ఓడిపోయేది నోటితోనే, గుడ్డతో కాదు. సంగటి ఎంత గట్టిగా ఉన్నా, మారుమాట లేకుండా మింగుతాను!