పదిహేడు ఇళ్ళకు ఒక ఫోను

ఆ రోజుల్లో టచ్ ఫోను నా చేతికి కొత్త. కొత్త వస్తువు వల్ల ఏం కలిసొస్తుందో అందరూ చూసుకుంటారు గాని, ఏం పోతుందో ఎవరూ రాసిపెట్టుకోరు. నేను రాసిపెట్టుకున్నాను. పోయినవి ఇవి: ఉద్యోగం ఒకటి. ఆదివారాలు ముప్పై ఎనిమిది. కుడి బొటనవేలి సుఖం (వానాకాలంలో ఇప్పటికీ సలుపుతుంది). సైన్సు చెప్పే మా బావతో మాటలు, అయిదు నెలలపాటు. సముద్రం పక్క ఒక వీధిలో తలెత్తుకుని నడిచే ధైర్యం, పూర్తిగా. వచ్చినవి కూడా న్యాయంగా రాద్దామని పక్కన ఇంకో వరస గీశాను. అది ఖాళీగానే ఉంది.

నేను కాలేజీలో లెక్కలు నేర్చుకున్నవాణ్ణి కాదు. నరసన్నపేటలో బియ్యం మిల్లులో బస్తాలు లెక్కపెడుతూ, పాత పుస్తకాలు ముందేసుకుని నాకు నేనే నేర్చుకున్నాను. ముప్పై మూడేళ్ళ వయసులో శ్రీకూర్మం అవతల ఒక చిన్న ప్రైవేటు బళ్ళో ఏడో తరగతికి లెక్కల మాస్టారుగా దొరికిన ఉద్యోగం, నా వరకు, కలెక్టరు ఉద్యోగం. చేతిలో బీఎడ్ లేదు గనక ఏడాది చూసి ఉంచుతామన్నారు. జూన్‌లో బడి తెరిచిన వారానికే కరస్పాండెంట్ గారు మమ్మల్నందర్నీ కూర్చోబెట్టి, "టెక్నాలజీ అంటే ఏటనుకుంటన్నారు మాస్టార్లూ? మనం పేరెంటు జేబులో కూకోవాల!" అన్నారు. బడి మానిన ప్రతి పిల్లకీ, సగం మార్కులు దాటని ప్రతి పిల్లాడికీ వాట్సాప్‌లో ఇంటికి మెసేజి పెట్టాలి. తల్లిదండ్రులు చూసినట్టు నీలం గుర్తులు పడాలి. ఎవరి తరగతిలో నూటికి నూరు నీలాలు పడతాయో వాళ్ళు వచ్చే ఏడు ఉంటారు. మిగతావాళ్ళ సంగతి ఆలోచిస్తారు. పిల్లలకు లెక్కలు వస్తున్నాయా అన్న సంగతి ఆ రోజు ఎజెండాలో లేదు.

నా తరగతిలో యాభై ముగ్గురు. ఫోను నంబర్లు పుస్తకంలోకి ఎక్కిస్తుంటే పదిహేడు మందికి ఒకటే నంబరు వచ్చింది. నేను అంకెల మనిషిని, కంటికి ఆనకుండా ఉంటుందా? పిల్లల్ని నిలబెట్టి అడిగితే, "అది సేపల మామ్మ ఫోను సార్. మా ఈదికి అదే ఫోను" అన్నారు. వాళ్ళ నాన్నలంతా చేపల వేట పనికి గుజరాత్ వెళ్ళారు, ఇంట్లో ఉన్న ఫోన్లూ వాళ్ళ వెంటే వెళ్ళాయి. అలలమీద పదిహేను రోజులు, ఇరవై రోజులు సిగ్నలే ఉండదు. నిజాయితీగల మాస్టారైతే ఈ సంగతి ఆఫీసులో చెప్పాలి. నేను మాత్రం మనసులో గబగబా లెక్క వేశాను: ఒక్క మనిషి చెవిన పడితే పదిహేడు ఇళ్ళ నీలాలు! నోరు మూసుకున్నాను.

మామ్మ అరవై దాటిన మనిషి. తలమీద చేపల తట్ట, బొడ్లో ఫోను. చదువు రాదు గనక నేను బొటనవేలితో మైకు గుర్తు నొక్కిపట్టి, ఏ ఇంటికో పేరు చెప్పి, గొంతుతోనే మెసేజిలు పెట్టాలి; ఆదివారాలన్నీ దానికే. నీలం పడకపోతే నా పని గాలిలో దీపమేనని మొదటి రోజే ఆమెకు చెప్పుకున్నాను. "అలగా! అయితే నాను సూసుకుంటాను మేస్టారూ, నువ్ దిగులెట్టుకోకు" అంది. చూసుకుంది. ప్రతి గుమ్మం ముందు తట్ట దించేది, ఫోను పైకెత్తి పట్టుకునేది, నా గొంతు వీధి ఆ చివరిదాకా వినపడేది: "నమస్కారం. మీ అబ్బాయికి లెక్కల్లో ఇరవై ఐదుకి ఏడు మార్కులు వచ్చాయి. గమనించగలరు." తట్టలో కవళ్ళ చేపలు ఏరుకుంటున్న పొరుగువాళ్ళంతా గమనించేవాళ్ళు.

ఒకసారి నేను స్వయంగా ఆ వీధిలోకి వెళ్ళినప్పుడు కళ్ళారా చూశాను. ఒక తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "మామ్మా, కుసింత సిన్నగా ఎట్టవే. పక్కింటోళ్ళు ఇంటన్నారు. నీకాడ ఇంకో అరకేజీ నెత్తళ్ళు తీసుకుంటాను" అని బతిమాలుతోంది.

"తగ్గిత్తే ఎలగే? ఆ బాబు ఉద్జోగం పోద్ది" అని మామ్మ ఇంకాస్త పెంచింది.

"ఆయన ఉద్జోగం సంగతి తరవాత, మావోడు సిగ్గుతో అన్నం మానేత్తన్నాడు!"

"ఏడు మార్కులొచ్చినోడు ఒక పూట మానేత్తే ఏటౌద్ది? ఇదిగో, మేస్టారే వచ్చినారు, ఆయన్నే అడుగు."

నేను నవ్వాను. ఆ నవ్వు ఎలా ఉండి ఉంటుందో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు ముడుచుకుపోతుంది.

ఆ పదిహేడు మందిలో ఒకమ్మాయి మామ్మ మనవరాలే. రెండో బెంచీ. ఒక్క రోజు మానలేదు, ఒక్కసారి ఇరవై మూడుకు తగ్గలేదు. అందుచేత ఆ పిల్ల గురించి ఒక్క మెసేజీ పెట్టవలసిన అవసరం రాలేదు. శనివారాలు తట్టతో బడి ముందునుంచి పోతూ మామ్మ ఆగేది.

"మా పిల్ల మాటేటీ పెట్టనేదా మేస్టారూ?"

"పెట్టలేదంటే మంచిదే మామ్మా. తప్పు చేసినవాళ్ళకే పెడతాం."

"అదేటి! పదారిళ్ళ పిల్లల పేర్లు ఈదంతా మోస్తన్నాను. మా దాని పేరు ఒక్కపాలి రాదా?"

"రేపు పెడతానులే" అనేవాణ్ణి. రేపు మళ్ళీ ఎవరో ఒకడు బడి ఎగ్గొట్టేవాడు.

మార్చిలో తల్లిదండ్రుల సమావేశం పెట్టారు. నాలుగు తరగతుల నీలాల శాతాలు పెద్ద ఫ్లెక్సీ మీద వేశారు. నాది నూరు, తక్కినవి తొంభై ఒకటి, ఎనభై ఎనిమిది, ఎనభై ఐదు. కింద గీత గీసి, మొత్తం మూడు వందల అరవై నాలుగు శాతం! కరస్పాండెంట్ గారు ఆ అంకెను మూడుసార్లు చదివారు, మూడుసార్లూ చప్పట్లు కొట్టాం. నేను కాస్త గట్టిగానే కొట్టాను. కాని బస్సెక్కాక కడుపులో ఆ కూడిక అరగలేదు. ఫోను తీసి, అదే బళ్ళో సైన్సు చెప్పే మా బావకు గొంతుతోనే చెప్పుకున్నాను: "బావా, కరస్పాండెంట్ గారు శాతాలు కూడేసినారు, సూసినావా? ఈయన్ని మా ఏడో తరగతిలో ఎనక బెంచీలో కూకోబెట్టాల!" నాలుగు నిమిషాల్లో నీలం పడింది. అలవాటుకొద్దీ ముందు సంతోషించాను. ఆ తర్వాతే పేరు చూశాను. అది బావ కాదు. ఏడాదిగా నా ఫోనులో అన్ని పేర్లకూ పైనుండే మామ్మ పేరు.

మెసేజిలో ఎవరి పేరుంటే వాళ్ళ గుమ్మంలో వినిపించాలన్నది మామ్మకు నేను నేర్పిన పద్ధతే. మర్నాడు పొద్దున్నే కరస్పాండెంట్ గారి గుమ్మంలో తట్ట దించింది. "బాబూ, మేస్టారు మీ గురించి ఏటో సెప్పినారు, ఇనండి" అని, ఆయనకు చెవి కాస్త మందం గనక రెండుసార్లు వినిపించింది. మామ్మ తప్పేమీ లేదు. ఆమె ఒక్క మెసేజి కూడా ఆపలేదు, మార్చలేదు, తగ్గించలేదు. మధ్యాహ్నానికి నాకు వాట్సాప్‌లో వచ్చింది: వచ్చే ఏడు నా సేవలు అక్కర్లేదట. చదివాను. ఆయన ఫోనులో కూడా నీలం పడి ఉంటుంది. ('బావా' అన్న ఒక్క మాటకు మా బావను కూడా పిలిచి గట్టిగా అడిగారు. అయిదు నెలల మౌనం అందువల్ల.)

తర్వాత నేను నరసన్నపేటలోనే ట్యూషన్లు పెట్టుకుని కుదురుకున్నాను. ఎనిమిదేళ్ళు గడిచాయి. మొన్నీమధ్య బస్టాండులో మామ్మ కనపడింది. మనవరాలు డిగ్రీలో లెక్కలే చదువుతోందట. ఇంతకాలానికి నోరు తెరిచి, "మీ మనవరాలిలాంటి పిల్ల నా తరగతిలో ఇంకొకర్తి లేదు మామ్మా" అన్నాను.

"ఆ సంగతి నాకు తెల్దేటి? నాకు సెప్తే ఏటి లాభం మేస్టారూ? ఫోన్లో ఎయ్యి. పదారు గుమ్మాలకాడా ఇనిపించాల."

"ఎనిమిదేళ్ళయింది కదా, ఇప్పుడెందుకు మామ్మా?"

"ఆళ్ళు ఆ గుమ్మాల్లోనే ఉన్నారు. నానూ ఆ ఈదిలోనే తిరగతన్నాను" అని బస్సెక్కేసింది.

అప్పటినుంచి ఫోను పట్టుకుని కూర్చుంటున్నాను. "నమస్కారం. మీ మనవరాలు..." అని మొదలుపెడతాను. తిరిగి వింటే ఆ పిల్ల ఏదో నేరం చేసినట్టు వినిపిస్తోంది. చివర్న "గమనించగలరు" అని దానంతటదే వచ్చేస్తోంది. బాగా చదివిన పిల్ల గురించి ఏ గొంతుతో చెప్పాలో ఆ ముప్పై మూడేళ్ళ మాస్టారు నేర్చుకోలేదు. ఈ నెరిసిన తలకాయ, వాణ్ణి తలుచుకుని నవ్వుకుంటూ, ఇప్పుడు నేర్చుకుంటోంది. ఇప్పటికి తొమ్మిదిసార్లు రికార్డు చేసి తొమ్మిదీ తీసేశాను.

ఆ ఏడాది మామ్మ ఫోనుకు పెట్టిన మెసేజిలు రెండు వందల పన్నెండు. పెట్టవలసింది, ఈ రోజుకీ, ఒకటి.