నల్ల ట్యాగుకు మనిషి అక్కర్లేదు

నా గొయ్యి నేనే తవ్వుకున్నాను అంటే చాలదు. దానికి కొలతలిచ్చి, మూడు కాపీలు తీసి, పైవాళ్ల చేత సంతకం కూడా పెట్టించాను. ఆ ఘనకార్యం వల్ల ఒక పూటంతా శవంగా పడి ఉండి, శవంగానే ఉద్యోగం ఊడగొట్టుకోబోయాను. నవ్వండి, నేనేమీ అనుకోను.

అప్పట్లో విశాఖలో ఓ మోస్తరు ఆసుపత్రిలో, క్వాలిటీ విభాగంలో కొత్తగా చేరాను. ఆరు నెలల ప్రొబేషన్. మద్దిలపాలెంలో బస్సు డిపో వెనక ఒంటి గది. ఊళ్లో నాకు తెలిసినవాళ్లు ఇద్దరే: మా సెక్యూరిటీ సూపర్‌వైజరు సత్తిబాబు, పొద్దున్నే టిఫిన్ బండి పెట్టే ఆవిడ. ఆవిడకు నా పేరు తెలీదు, "రెండిడ్లీ బాబు" అనేది. ఆదివారం వస్తే నోరు విప్పే పనే ఉండేది కాదు. సోమవారం పొద్దున మాట్లాడితే ఆ గొంతు నాదేనా అనిపించేది.

అలాంటి రోజుల్లో మా మేనేజ్‌మెంటుకు జ్ఞానోదయమైంది. పెద్ద ప్రమాదం జరిగి జనం ఒకేసారి వచ్చిపడితే తలో కేకా వెయ్యకుండా, మిగతా ఆసుపత్రులు పాటించే ఒకే పద్ధతి మనమూ పాటించాలన్నారు. ఒక కమాండరు, ఆయన కింద ఒక్కో పనికి ఒక్కో ఇన్‌ఛార్జి. రోగుల చేతికి రంగు ట్యాగు: ప్రాణం మీదికొస్తే ఎరుపు, కాస్త ఆగగలిగితే పసుపు, నడవగలిగితే ఆకుపచ్చ, పోయినవాళ్లకు నలుపు. ఇదంతా కాగితం మీద పెట్టి, ఉత్తుత్తి ప్రమాదంతో ఒకసారి డ్రిల్లు చేయించే పని నాకు తగిలింది.

"డ్రిల్లు బాగా జరిగితే నిన్ను పర్మనెంటు చేస్తాం," అన్నారు సూపరింటెండెంట్ మేడమ్. జరక్కపోతే ఏమిటో ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు.

చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. రాసేవాడికైతే లోకమంతా లోకువే. ఎరుపు దగ్గర ఆరుగురు, పసుపు దగ్గర నలుగురు, ఆకుపచ్చ దగ్గర ఇద్దరు అని రాసుకుంటూ వచ్చి, నలుపు దగ్గర ఆగాను. పోయినవాడికి సేవలేమిటి? "మనిషి అక్కర్లేదు" అని రాసిపారేశాను. ఇన్‌ఛార్జి వచ్చి లెమ్మనేదాకా రోగి వేషం వేసినవాళ్లు లేవకూడదని ఇంకో రూలు పెట్టాను. అక్కడితో ఆగానా? మన ఆఫీసుల సంగతి మీకు తెలిసిందే, ముందురోజే ముగింపు రిపోర్టు కూడా నింపేశాను: "వచ్చినవారు ఇరవై. అందరూ క్షేమంగా తిరిగి వెళ్లారు. జాడ తెలియనివారు: లేరు."

డ్రిల్లు రోజు వచ్చింది. ఆనందపురం దగ్గర బస్సు బోల్తా పడిందని అనుకోవాలి. రోగుల వేషానికి నర్సింగ్ అమ్మాయిల్ని పిలిచాం. ఎరుపు ట్యాగు కోసం కొట్టుకున్నారు. నలుపును మాత్రం ఒక్కరూ ముట్టుకోలేదు.

"మంగళారం పూట శవంలాగ పడుకుంటే మాయమ్మ సంపేత్తాది సార్!"

"నాకు పెళ్లిసూపులున్నాయి సార్!"

నేను సత్తిబాబు వైపు చూశాను.

"నన్ను సూడకు బావా. మా ఇంటిది గుమ్మం ఎక్కనీదు. నువ్వే పడుకో. నిన్నొద్దనేవోలు ఎవులున్నారు?"

నవ్వుతూనే అన్నాడు పాపం. నేనూ నవ్వాను. నిజమే, ఎవరూ లేరు. చెయ్యి చాపి నల్ల ట్యాగు కట్టించుకున్నాను.

నా ఫోను, పర్సు రూలు ప్రకారం సంచిలో వేసి కౌంటరుకు పంపారు. నన్ను వెనకవైపు ఖాళీ గదిలో స్ట్రెచరు మీద పడుకోబెట్టి, దుప్పటి ముఖం మీదికి లాగి వెళ్లిపోయారు. అప్పటికి పదకొండు. మూడింటికి మీటింగులో రిపోర్టు చదవాల్సింది నేనే.

మొదటి గంట ఎంత బాగుందో! బయట పరుగులు, అరుపులు, స్ట్రెచర్ల గోల. నా కాగితం నడుస్తోందని మురిసిపోయాను. తర్వాత చప్పుడు తగ్గింది. ఆ తర్వాత బొత్తిగా లేదు. ఇన్‌ఛార్జి వస్తాడులే అనుకున్నాను. నాకు ఇన్‌ఛార్జే లేడని అప్పుడు గుర్తొచ్చింది. సరే, లెక్కలో ఒకడు తగ్గాడని వెతుక్కుంటూ వస్తారులే అనుకున్నాను. ఆ లెక్క నిన్ననే నేను సరిపెట్టేశానని కూడా గుర్తొచ్చింది.

లేచిపోవచ్చు కదా అంటారు. రూలు తప్పితే డ్రిల్లు ఫెయిలు, డ్రిల్లు ఫెయిలైతే నేనూ ఫెయిలని భయం. అబద్ధమెందుకు, కాసేపయ్యాక అది సాకు మాత్రమే. "వాడేడీ?" అని ఒక్కరైనా అడుగుతారేమో చూద్దామని పడుకున్నాను. ఎవరూ అడగలేదు. దుప్పటి కింద కనబడదు కదా అని కాస్త ఏడ్చాను కూడా. శవాలు ఏడవకూడదని నేనెక్కడా రాయలేదు.

ఎంతసేపటికో తలుపు తెరుచుకుంది. మా ఆయా మరియమ్మ గారు, గది తుడవడానికి వచ్చారు. దుప్పటి కదలడం చూసి "ప్రభువా!" అని కేక పెట్టారు.

"భయపడకండి," అన్నాను ముఖం బయటపెట్టి, "నేను చచ్చిపోయాను."

ఆవిడ తుడుపుకర్ర ఎత్తారు. ట్యాగు చూపించి ప్రాణం దక్కించుకున్నాను.

"ఏటి బాబూ, ఇక్కడేటి సేత్తన్నావు? అందరూ బిర్యానీ తినీసి ఎల్లిపోనారు. మూడున్నరయ్యింది!"

"లెమ్మని చెప్పడానికి ఎవరూ రాలేదండీ. నల్ల ట్యాగుకు మనిషి అక్కర్లేదని కాగితంలో ఉంది."

"సచ్చిపోనోడి కాడ ఓ మనిషుండొద్దా? మావోలైతే అలాగ ఒగ్గీసి ఎల్తారా? అక్కర్నేదని రాసిన ఆ తలమాసినోడు ఎవుడు?"

"నేనేనండీ."

ఆవిడ నన్ను ఎగాదిగా చూశారు. "తిన్నావా?" అన్నారు. ఆ ఊళ్లో నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆవిడే. అడ్డంగా తలూపి, మీటింగు గదికి పరిగెత్తాను.

"ఎక్కడికి పోయావయ్యా? ఫోను కౌంటర్లో మోగుతోంది!" అన్నారు మేడమ్.

నల్ల ట్యాగున్న చెయ్యి ఎత్తాను. "వెనక గదిలోనే ఉన్నాను మేడమ్. ఎవరూ వెతకలేదా?"

సత్తిబాబు లేచి నిలబడ్డాడు. "ఎతుకుదావనే అనుకున్నాం బావా. నీ రిపోర్టు తీసి సూత్తే, జాడ తెలీనోలు నేరని నువ్వే రాసినావు గదా!"

గది గదంతా విరగబడి నవ్వింది. మేడమ్ మాత్రం నవ్వు ఆపుకుని, నా పర్మనెంటు కాగితం పక్కన పెట్టారు. "చనిపోయినవాణ్ని పర్మనెంటు చేసే ఫారం మన దగ్గర లేదు. ఇంకో మూడు నెలలు చూద్దాం. ముందు ఆ కాగితం దిద్దు."

దిద్దాను. నలుపు: ఒక మనిషి. పని: పక్కన కూర్చోవడం.

"కూర్చుని ఏం చేస్తారు?" అని అడిగారు మేడమ్.

"ఏమీ చెయ్యరు మేడమ్. ఉంటారు."

ఆవిడ కలం తీసి సంతకం పెట్టారు.

కాబట్టి చదువరులారా, బతికున్నవాళ్లందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఎవరి పక్కనైనా మనిషి అక్కర్లేదని ఈ జన్మలో రాయను. నేను క్షేమంగా తిరిగొచ్చానని, తిరిగి రాకముందే అసలు రాయను.