బుద్రి తలలో నల్లగడ్డ

1977లో నేను అరకు లోయలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మెడికల్ ఆఫీసర్‌ని. మలేరియా జ్వరాలు, పురిటి కేసులు, ఎలుగుబంటి గాయాలు, ఇవే రోజువారీ పని. ఒక సంత రోజున బుద్రి తన పెనిమిటి సోమ్రా చెయ్యి పట్టుకుని వచ్చింది.

నలభై నిండని మనిషి. కొండ మీద పోడు చేసి రాగులు, నూనెగింజలైన వలిసెలు పండించేది. కుడికంటి చుట్టూ, నుదుటి దాకా, నీలం కలిసిన నల్లమచ్చ. తెల్లగుడ్డులోనూ ఆ నీలమే. పుట్టుకతో వచ్చే ఈ మచ్చను నీవస్ ఆఫ్ ఓటా అంటారు. రంగునిచ్చే కణాలు చర్మం లోతున నిలిచిపోతే ఏర్పడుతుంది. మామూలుగా దానివల్ల బాధేమీ ఉండదు.

ఆమె వచ్చిందీ మచ్చ గురించి కాదు.

"పొద్దున్న లెగిస్తే తల పగిలిపోతంది డాట్రుబాబూ. వాంతులవుతన్నాయి. కోతకెళ్తే ఎడం సేతిలోంచి కంకులు జారిపోతన్నాయి" అంది.

ఆప్తాల్మోస్కోప్ అనే చిన్న దీపపు పరికరంతో కంటి లోపలికి చూశాను. నరం మొదలు వాచి ఉంది. అంటే పుర్రె లోపల ఒత్తిడి పెరుగుతోంది. తలలో ట్యూమర్, అంటే గడ్డ ఉండొచ్చని, ఇప్పటికే తగ్గిన చూపు ఆలస్యమైతే పూర్తిగా పోతుందని, వెంటనే విశాఖ వెళ్లాలని చెప్పాను.

సోమ్రా ముఖం వాడిపోయింది. "అక్కడ బుర్ర కోసేత్తారంట బాబూ. మా ఊరి పూజారి శాంతి సేత్తానన్నాడు."

నేను నచ్చజెప్పబోయేలోపే బుద్రి అందుకుంది. "శాంతి సేయించు, వద్దన్లేదు. నాను మాత్రం ఎల్తాను. కళ్లు పోతే పోడు ఎవులు సేత్తారు?"

సోమ్రా శాంతి చేయించాడు. పూజ అయిన మర్నాడే ఇద్దరూ రైలెక్కారు. నేనూ సెలవు పెట్టి వెంట వెళ్లాను. బండి ఊగినప్పుడల్లా ఆమె రెండు చేతులతో తల పట్టుకుని కళ్లు మూసుకునేది. వెనక్కి పోదామని మాత్రం ఒక్కసారీ అనలేదు.

అప్పటికి విశాఖ ఆసుపత్రిలో సీటీ స్కాన్ లేదు. మెడలోని ధమనిలోకి మందు ఎక్కించి ఎక్స్‌రేలు తీసే యాంజియోగ్రామ్‌లో, కుడివైపు గడ్డ ఉన్నట్టు తేలింది. ఆపరేషన్ చూడటానికి న్యూరోసర్జన్ నన్ను లోపలికి రానిచ్చారు.

మెదడును కప్పి ఉండే పొరను డ్యూరా అంటారు. తెల్లగా ఉండాల్సిన ఆ పొర మసి పూసినట్టుంది. దాని కింద గడ్డ బొగ్గులా ఉంది.

"మెలనోమా సార్. ఎక్కడినుంచో పాకిన క్యాన్సర్ అయ్యుంటుంది. మూసేద్దామా?" అన్నాడు సహాయక డాక్టర్. మెలనోమా అంటే రంగు కణాల నుంచి పుట్టి వేగంగా పాకే క్యాన్సర్; మెదడు దాకా పాకితే తీసినా లాభం తక్కువ. నల్లగడ్డ కనిపిస్తే ఎవరికైనా ముందు వచ్చే అనుమానం అదే.

సర్జన్ నా వైపు చూశారు. "ఒంటిమీద ఇంకెక్కడైనా మచ్చ ఉందా? ఈమధ్య పెరిగింది గానీ, పుండు పడింది గానీ?"

"అరికాళ్లతో సహా చూశాను సార్. ముఖం మీది మచ్చ ఒక్కటే. పుట్టినప్పటినుంచీ అలాగే ఉందట."

ఆయన కాసేపు గడ్డనే పరీక్షించారు. "మచ్చా, గడ్డా ఒకే వైపున్నాయి. రెండూ ఒకే రకం కణాల నుంచి వచ్చి ఉండొచ్చు. మెదడులోకి చొరబడినట్టూ లేదు. మొత్తం తీసేద్దాం."

గంటల తరబడి తీశారు. మైక్రోస్కోప్ కింద అది మెలనోసైటోమా అని తేలింది. రంగు కణాల నుంచి పుట్టి, నెమ్మదిగా పెరిగే అరుదైన గడ్డ. బుద్రి ఎడమచేతికి పట్టు మళ్లీ వచ్చింది. పోయిన మేర చూపు మాత్రం తిరిగి రాలేదు.

ఇలాంటి మచ్చ ఉన్నవాళ్లలో చాలామందికి జీవితాంతం ఏ గడ్డా రాదు. అయినా ఆ కేసు తర్వాత, తలనొప్పి అని వచ్చినవాళ్ల ఒళ్లు కూడా ఓపిగ్గా చూడటం నాకు అలవాటైంది. రంగు చూసి రోగి మీద ఆశ వదులుకోకూడదని ఆ థియేటర్‌లోనే నేర్చుకున్నాను. ఆశ అంటే మాత్రం అంతా బాగైపోతుందనుకోవడం కాదు. అది నేర్పింది బుద్రి. డిశ్చార్జ్ రోజున, గడ్డ మళ్లీ రావచ్చని దాచకుండా చెప్పాను. ఆమె గుండు మీద గుడ్డ సవరించుకుంటూ అంది:

"వత్తే మళ్లీ వత్తాను బాబూ. ఈలోపు కోతలున్నాయి, బేగి పంపీండి."