గట్టుకి వచ్చిన పన్నెండు మంది

మా బాప్టిస్టు సంఘానికి డెబ్బై అయిదేళ్ల పండగ చేయాలని పెద్దలు అనుకున్న ఏడు, కాలవకి నీళ్లు రావడం బాగా ఆలస్యమైంది. రెండువేల సంవత్సరం దాటాక వరసగా వచ్చిన కరువేళ్లలో అదొకటి. మాది కొల్లేటి అంచున, మండవల్లి వైపున్న చిన్న ఊరు. నేను తాడేపల్లిగూడెంలో ఒక బియ్యం మిల్లులో కాటా దగ్గర పనిచేసేవాణ్ణి. శనివారం సాయంత్రం ఏలూరు మీదుగా ఇంటికి వచ్చి, ఆదివారం ఆరాధనకి వెళ్లేవాణ్ణి. పెద్దగా చదువుకోలేదు కానీ లెక్క తప్పనని పేరుంది. అందుకని సంఘ చరిత్ర రాసే పని నాకు అప్పగించారు.

ఆ చరిత్ర ఊళ్లో అందరికీ నోటికొచ్చినదే. ఒక వేసవిలో, కాలవకి నీళ్లు కట్టేసే ముందు, పన్నెండు మంది మా లాకు దగ్గర నీళ్లలో మునిగి బాప్తిస్మం తీసుకున్నారు. సంఘం మొదలైంది వాళ్లతోనే. శిష్యుల్లాగే పన్నెండు మంది అని ప్రతి వార్షికోత్సవంలోనూ చెప్పుకునేవాళ్లం. పండగకి చెక్కించిన రాతి మీద కూడా అదే వేయించారు. వాళ్లలో అప్పటికి మిగిలింది మామ్మగారొక్కరే. మాకు చుట్టం కాదు. ఊరంతటికీ మామ్మే.

ఆవిడ మంచం పక్కన కూర్చుని, ఆ రోజు ఎవరెవరు నీళ్లలో దిగారో అడిగాను. ఆవిడ వేళ్లు మడుస్తూ ఒక్కొక్కరినీ చెప్పుకొచ్చారు. పదకొండు దగ్గర ఆగిపోయారు. మళ్లీ చెప్పించాను. మళ్లీ పదకొండే.

"ఇంకొకరెవరు మామ్మగారూ?"

"బియ్యం బస్తాలు తూచినట్టు మనుషుల్ని తూస్తావేంట్రా అబ్బాయ్!"

"పన్నెండు రావాలి కదండీ."

ఆవిడ పైకొంగుతో మొహం తుడుచుకున్నారు. "పన్నెండోది నేనేరా. దిగలేదు."

అప్పటికి ఆవిడ పదమూడేళ్ల పిల్లట. దిగేవాళ్ల పొడిబట్టలు, వాళ్లలో ఇద్దరి చంటిపిల్లల్ని ఆవిడ చేతుల్లో పెట్టి, నీ వంతు ఆఖరున అన్నారు. పైకి వచ్చినవాళ్లంతా తడిబట్టలతో ఆవిడని వాటేసుకున్నారు. ఈలోగా మబ్బు పట్టి గాలివాన మొదలైతే అందరూ ప్రార్థన జరిగే పాకలోకి పరిగెత్తారు. ఈవిడా తడిసి ముద్దై వచ్చింది కాబట్టి, ఆ హడావిడిలో ముంచిన పాస్టరుతో సహా అందరూ ఈవిడదీ అయిపోయిందనుకున్నారు. మర్నాడు కాలవకి నీళ్లు కట్టేశారు.

"చెబుదామనే అనుకున్నాన్రా. మా అమ్మ ఊరందరికీ చెప్పుకుని మురిసిపోతుంటే నోరు రాలేదు. ఆ తర్వాత ప్రభువు బల్లలో రొట్టె నోట్లో పెట్టుకున్న ప్రతిసారీ, మునిగినవాళ్లకే కదా ఇది అనుకునేదాన్ని. పండగలోపు నన్నొక్కసారి ముంచండ్రా. ఆ పన్నెండు నిజం చెయ్యండి."

పాస్టరుగారికి, పెద్దలకి చెప్పాం. ఎవరూ ఆవిడని తప్పు పట్టలేదు. కష్టమల్లా నీళ్లతోనే. కాలవ ఎండి నేల నెర్రెలిచ్చింది. గుడి ఆవరణలో చేతిపంపు కొడితే గాలి తప్ప రావడం లేదు. ఏలూరులో ఒక గుడిలో బాప్తిస్మం తొట్టి ఉంది కానీ, ఆవిడకున్న ఆయాసంతో బస్సు ఎక్కించొద్దని డాక్టరు అన్నాడు. ఊరి చుట్టూ మాత్రం చేపల చెరువుల నిండా నీళ్లే. చెరువు రైతుని అడిగితే ఆయన కాదనలేదు.

"మామ్మగారి కోసమైతే దిగండి, నాకేం అభ్యంతరం లేదండి. కానీ అబద్ధం ఎందుకండీ, చేపల మేతకని నిన్ననే కోళ్ల పెంట వేయించాం. ఆ నీళ్లలోనా అండీ?"

పెద్దలు మొహాలు చిట్లించారు. చెంబుతో తల మీద పోస్తే చాలదా అని నేను పాస్టరుగారిని అడిగాను. ఆయన మెత్తటి మనిషి, వయసులో నాకంటే చాలా చిన్న.

"చెంబుతో సరిపోయేదైతే మనం బాప్టిస్టులమెందుకయ్యామండీ? ఆవిడైనా ఒప్పుకోరు."

నాకు తెలిసిన పని నేను చేశాను. మనిషిని కూర్చోబెట్టి వెనక్కి వాల్చి ముంచాలంటే తొట్టి ఎంత పొడవుండాలి, ఎంత లోతుండాలి అని లెక్క వేశాను. నలభై బిందెలు తేలాయి. తాగునీళ్ల ట్యాంకరు వాళ్లతో మాట్లాడి ఆవిడ దగ్గరికి ఉత్సాహంగా వెళ్లాను.

"ఇంటికి ఎన్ని బిందెలు పోస్తున్నార్రా ఇప్పుడు?"

"మూడండీ."

"అంటే పదమూడు ఇళ్ల వాళ్ల నోళ్లు ఎండబెట్టి నేను మునగాలా? ఈ లెక్క నీకు రాలేదా? వద్దు. కాలవొస్తుంది."

ఆవిడ లెక్కలో తప్పు లేదు. ఇంక కాలవ కోసం చూడటమే మిగిలింది. నీళ్లు వదిలారని పేపర్లో చూసి, పైలాకుల నుంచి మా ఊరికి ఎప్పటికి చేరతాయో అంచనా కట్టాను. ఆ అంచనా తప్పలేదు. కానీ వచ్చిన నీళ్లు వచ్చినట్టే మంచినీళ్ల చెరువులకి మళ్లించారు. మా లాకు దగ్గరికి మిగిలింది చీలమండలు మునిగేంత బురదనీళ్లు.

అయినా ఆవిడ ఆగలేదు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం గట్టు మీదికి మోసుకెళ్లాం. పాస్టరుగారు చెప్పులు విడిచి, చేతి గడియారం తీసి, తువ్వాలుతో కలిపి ఆవిడ ఒళ్లో పెట్టి కాలవలోకి దిగారు. అటూ ఇటూ నడిచారు. ఎక్కడా పిక్క తడవలేదు.

"ఈ నీళ్లలో పడుకోబెట్టినా మొహం మునగదు మామ్మగారూ. రెండు మూడు రోజులు చూద్దామండీ."

ఆవిడ ఒళ్లోని తువ్వాలుని రెండు చేతులా పట్టుకుని కూర్చున్నారు. "అప్పుడూ ఇంతే. పొడిబట్టలు నా దగ్గరే పెట్టారు," అని చిన్నగా నవ్వారు. కుర్చీ ఎత్తాం. వచ్చేటప్పటికంటే బరువనిపించింది.

నీళ్లు పెరగకముందే, ఆ వారంలోనే ఆవిడ పోయారు. సమాధుల తోటకి కాలవగట్టు మీదుగానే వెళ్లాలి. మేము వెళ్లినప్పుడు నీళ్లు మోకాళ్లు దాటి ఉంటాయి. నేను అటు చూడకుండా నడిచాను.

పండగ అనుకున్న రోజునే జరిగింది. చెక్కిన రాయిని ఇప్పుడేం మారుస్తాంలెండి అన్నారు పెద్దలు. నేను రాసిన చరిత్రలో ఎంతమంది మునిగారో వేయలేదు. ఆ రోజు గట్టుకి పన్నెండు మంది వచ్చారని రాశాను. అంతకు మించి ఆవిడకి నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది.