మూలన చూడు, పిట్ట ఉంది

మా బావ జయరామయ్య కెమెరా కంటికి మనుషులు ఆనేవాళ్ళు కాదు. అల్లూరు మొత్తానికి ఒకే ఒక్క ఫోటో స్టూడియో ఆయనది. ఎదురుగా కలెక్టరు కూర్చున్నా సరే, కిటికీ మీద తేనెపిట్ట వాలిందంటే కెమెరా అటు తిరిగిపోవాల్సిందే. కలెక్టరు ఎప్పుడూ రాలేదనుకోండి. వచ్చినవాళ్ళు కూడా రెండోసారి రాలేదు.

ఇది పంతొమ్మిదివందల అరవై దాటాక సంగతి. ఫిల్ము కోసం నెల్లూరుకు, అక్కడా దొరక్కపోతే మద్రాసుకు కబురు పెట్టాల్సిన రోజులు. అంత అవస్థపడి తెప్పించిన ఫిల్మంతా పిట్టలకు తగలేసేవాడు. పోనీ, ఆ పిట్టలన్నా ఫోటోలో పడేవా? ఆ కెమెరా పుట్టింది పెళ్ళివాళ్ళ కోసం. కాలవ అవతల వాలిన లకుముకి పిట్ట కాగితం మీద ఆవగింజంత పడేది.

"బావా, పిట్ట ఏదీ?" అనేవాణ్ణి.

"మూలన చూడరా."

"మూలన ఏదో మచ్చ ఉంది."

"మచ్చేంది నీ మొగం! ముక్కు కనపళ్ళా నీకు?"

నాకు కనపడలేదు. మా అక్కకు కనపడలేదు. ఊళ్ళో ఎవరికీ కనపడలేదు.

"వాటిని వండుకోనన్నా వండుకోవు. ఇంకెందుకయ్యా వాటి వెంట పడతావు?" అని మా అక్క పొయ్యి ముందు కూర్చుని అడిగేది. ఆ పొయ్యి మీద ఏం ఉడకాలో ఆమెకే తెలియని రోజులు చాలా ఉన్నాయి. మా బావ పెరట్లో గిజిగాడు అరిచిందని లేచి వెళ్ళిపోయేవాడు.

కోవూరులో హజరత్తయ్య అనే పెద్ద రైతు కూతురి పెళ్ళికి ఫోటోలు తియ్యమని పిలిచారు. సాయంగా నేనూ వెళ్ళాను. సరిగ్గా తాళి కట్టే సమయానికి పందిట్లో కట్టిన అరటిపువ్వు మీద తేనెపిట్ట వాలింది. ఇక చెప్పేదేముంది! ఫోటోలు కడిగి తీసుకెళ్ళినప్పుడు హజరత్తయ్య అన్నీ తిరగేసి, మళ్ళీ తిరగేసి అడిగాడు.

"తాళి కట్టేది యాడయ్యా?"

"అదొక్కటి దించలేదండీ. తేనెపిట్ట వచ్చింది."

"ఏమొచ్చింది?"

"తేనెపిట్టండీ, మగది. ఎండ పడి మెడ నీలంగా మెరిసింది. మూలన చూడండి, ఉంటుంది."

నేను బావ చొక్కా పట్టుకుని వెనక్కి లాగాను. "ఫిల్ము చెడిపోయిందని చెప్పు బావా, నీకు పుణ్యముంటుంది" అని గొణిగాను.

"పిట్ట వచ్చిన మాట నిజం గదరా. దాని విషయంలో అబద్ధమెందుకు?" అన్నాడు, అందరికీ వినపడేట్టు.

హజరత్తయ్య కొట్టలేదు. అంతకన్నా పెద్ద శిక్షే వేశాడు. కోవూరు నుంచి అల్లూరు దాకా కనపడ్డవాడికల్లా ఈ కథ చెప్పాడు. దాంతో పెళ్ళి ఫోటోల బేరాలు ఆగిపోయాయి. ఊరి పెద్దమనుషులు మాత్రం సాయంత్రం కాగానే స్టూడియో అరుగు మీద చేరేవాళ్ళు. "ఏం జయరామయ్యా, ఈ రోజు కాకిని దించినావా, గద్దని దించినావా?" అని ఇకిలించి, మా అక్క చేసిన కాఫీ తాగి, ఫోటో కావలసి వస్తే నెల్లూరు బస్సెక్కేవాళ్ళు. వాళ్ళ మీద నాకు మంట ఇప్పటికీ చల్లారలేదు. చల్లార్చుకునే ఉద్దేశమూ లేదు.

పని లేకపోయేసరికి ఆయన సైకిలెక్కి సముద్రం ఒడ్డున జాలర్ల పాళేనికి పోవడం మొదలుపెట్టాడు. తోడు నన్నూ లాక్కుపోయేవాడు. అక్కడ పిట్టలకు కొదవలేదు గానీ, ఫోటో దించితే ఆయుష్షు తగ్గిపోతుందని ఆ జాలర్లకు ప్రాణభయం. ఇసకలో చేపలు ఎండబెట్టుకునే మస్తానమ్మ అయితే కెమెరా కనపడగానే గుప్పెడు ఇసక అందుకునేది.

"ఆ పెట్టె మా పిలకాయల మీదికి తిప్పినావంటే చూడు!"

"నాకు మీ పిలకాయలెందుకమా? పిట్టలు చాలు" అని మా బావ కెమెరాను చొక్కా కింద దాచుకునేవాడు.

ఆమె ఒక్కగానొక్క కొడుకు ఆదెయ్యకు మాత్రం మా బావంటే సరదా. తెప్ప మీద ఎక్కించుకుని కాలవ అవతలికి దాటించేవాడు. ఒకరోజు ఆదెయ్య తెప్ప ఆపి గడ నిలబెట్టి పట్టుకుంటే, గడ కొస మీద లకుముకి పిట్ట వచ్చి వాలింది. గట్టు మీదున్న మా బావ హడావుడిగా ముందుకు అడుగేసి, మోకాలి దాకా బురదలో దిగబడి, అట్లాగే మీట నొక్కాడు. ఫోటోలో ఆదెయ్య పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు.

"బావా, పిట్ట ఏదీ?"

"లేదురా. లేచిపోయింది."

"మూలన ఏదో ఉందే?"

"అది మరక. నేను సరిగ్గా కడగలా" అని దాన్ని పనికిరాని ఫోటోల్లో పడేశాడు. పిట్ట లేనిచోట ఉందనడం ఆయన వల్ల కాదు.

ఆ కార్తీకంలో గాలివాన వచ్చింది. వేటకు వెళ్ళిన ఆదెయ్య తిరిగి రాలేదు. శవం కూడా ఒడ్డుకు కొట్టుకురాలేదు. దినం నాడు పీట మీద పెట్టడానికి ఏమీ లేక, మస్తానమ్మ అతని చొక్కా ఉతికి మడతపెట్టి దానికే దండ వేసిందని తెలిసింది. మా బావ తింటున్న అన్నం వదిలేసి లేచి, ఆ పాత ఫోటోల్లో వెతకడం మొదలుపెట్టాడు.

"మతి పోయిందా బావా? నువ్వు ఫోటో దించబట్టే కొడుకు పోయినాడంటుంది. పాళెమంతా కలిసి నిన్ను సముద్రంలో వేస్తారు."

"ఆ తల్లికి కావలసింది మొగంరా. చొక్కా ఏం చేసుకుంటది?"

ఆయన్ని ఒంటరిగా పంపలేక తిట్టుకుంటూ నేనూ వెళ్ళాను. మస్తానమ్మ చొక్కా ముందు కూర్చుని ఉంది. మా బావ ఫోటో చేతికిచ్చాడు. ఆమె వేలితో కొడుకు బుగ్గ తడిమింది. చాలాసేపు తడిమింది. తర్వాత తలెత్తింది. ఆ చూపుకి నేను రెండడుగులు వెనక్కి వేశాను.

"నా బిడ్డని ఎప్పుడు దించినావు?"

చుట్టూ ఉన్న మగవాళ్ళు లేచి నిలబడ్డారు.

"నీ బిడ్డని దించలా అమా" అన్నాడు మా బావ. "నేను దించింది లకుముకి పిట్టని. మీవాడు అడ్డమొచ్చినాడు."

"పిట్టనా?"

"పిట్టనే. ఆయుష్షు తగ్గితే దానికి తగ్గాల గానీ, మీవాడికెందుకు తగ్గుద్ది? కావాలంటే మూలన చూడు."

ఆమె ఫోటోను కళ్ళ దగ్గరికి తెచ్చుకుంది. మూలన ఏముందో నాకు తెలుసు.

"ఆఁ... పిట్టే" అంది మెల్లగా. పక్కనున్న ఆవిడకు చూపించింది. "ఇదో, ముక్కు గూడా కనపడతా ఉండాది. నా బిడ్డ దాన్ని చూసే నవ్వతా ఉండాడు."

లేచినవాళ్ళు మళ్ళీ కూర్చున్నారు. చొక్కా తీసి ఆ చోట ఫోటో పెట్టి, దండ దానికి మార్చారు.

తిరిగి వస్తుంటే కాలవ గట్టున నిజం లకుముకి పిట్ట కూర్చుని ఉంది. మా బావ దానివైపు తల తిప్పలేదు.

"బావా, మరకకు ముక్కెట్లా మొలిచింది?" అన్నాను.

"నోరు మూసుకుని తొక్కరా."

వారం తిరక్కుండానే మళ్ళీ మామూలే. ఒక కొత్త ఫోటో నా ముందు పెట్టాడు. నేను అలవాటు కొద్దీ పిట్ట ఏదీ అని అడిగాను.

"నీకు చూడ్డం రాదురా" అన్నాడు గర్వంగా. "మస్తానమ్మకైతే ముక్కు గూడా కనపడింది."