శెట్టిగారి అంగడిని చూస్తున్నదెవరు?

2023లో, వరమహాలక్ష్మి పండుగ వెళ్ళిన కొద్ది రోజులకు, బాగేపల్లి నుంచి నాకొక ఫోన్ వచ్చింది. అప్పటికి నేను చిక్కబళ్ళాపురంలో ఒక జెరాక్స్ అంగడి మేడ మీద గది అద్దెకు తీసుకుని వెబ్‌సైట్లు చేసిపెడుతున్నాను. సొంతూరు చింతామణి. బోర్డు మీద ‘వెబ్‌సైట్లు, కంప్యూటర్ సెక్యూరిటీ’ అని రాయించుకున్నాను. ఆ బోర్డు చూసి, వాచ్‌మన్ ఉద్యోగాలేమైనా ఉన్నాయా అని అడగడానికి వచ్చినవాళ్ళే ఎక్కువ. పని ఇవ్వడానికి వచ్చినవాళ్ళు తక్కువ.

ఈ విద్య నేను కాలేజీలో నేర్చుకోలేదు. చదివింది బీకాం. రెండో ఏడాదిలో సరదా పుట్టి నా పేరు మీద ఒక వెబ్‌సైట్ చేసుకున్నాను. అందులో నా ఫోటో, నా అభిరుచులు, చింతామణి టమోటా మార్కెట్ మీద నేను రాసిన ఒక వ్యాసం ఉండేవి. పేజీ అడుగున ఎంతమంది చూశారో చూపించే కౌంటర్ కూడా పెట్టాను. అది రోజురోజుకూ పెరుగుతుంటే లోకం నన్ను గుర్తిస్తోందని తెగ మురిసిపోయాను. అంకె పెరిగిందా లేదా అని నేను చూసిన ప్రతిసారీ అది నా వల్లే పెరుగుతోందని తెలియడానికి చాలాకాలం పట్టింది. ఒకరోజు పొద్దున తెరిచి చూస్తే నా ఫోటో ఉండాల్సిన చోట బరువు తగ్గించే మాత్రల ప్రకటన ఉంది, అదీ ఏ దేశానిదో తెలియని భాషలో. మా అమ్మ చూసి, ఈ మాత్రల వ్యాపారం ఎప్పుడు మొదలుపెట్టావే అని అడిగింది. ముందు ఏడుపొచ్చింది, తర్వాత ఒళ్ళు మండింది. వీడు నా పేజీలోకి ఎలా దూరాడు అన్న ఒక్క ప్రశ్న పట్టుకుని చదవడం మొదలుపెట్టాను. నా వెబ్‌సైట్లను నేనే పగలగొట్టి, నేనే బాగుచేసుకుంటూ సెక్యూరిటీ నేర్చుకున్నాను.

మా వైపు చాలామందికి వెబ్‌సైట్ అంటే ఫోన్‌లో కనిపించే ఫ్లెక్స్ బ్యానర్. ఒక పూల వ్యాపారి తన ఫోటో పెద్దదిగా, అన్నదమ్ముల ఫోటోలు వయసు వరసన చిన్నవిగా పెట్టించాడు. చివరికి పూల ఫోటోకు చోటు మిగల్లేదు. ఇంకొకాయన, రాత్రిపూట ఎవరూ చూడరు కాబట్టి అంగడితో పాటు దాన్ని కూడా మూసేసి పొద్దున్నే తెరవమన్నాడు. ఇలాంటివాళ్ళ మధ్య కూర్చుని, నేర్చుకున్న విద్యంతా చూపించే అసలైన హ్యాకర్ ఎప్పుడు దొరుకుతాడా అని ఎదురుచూస్తున్నాను. కాబట్టి బాగేపల్లి ఫోన్ రాగానే నాకు భయం కన్నా సంతోషమే ఎక్కువ కలిగింది.

ఫోన్ చేసింది నాగరాజ శెట్టిగారు. బాగేపల్లిలో బస్సులు ఆగే చోటికి ఎదురుగా ఆయనకు కిరాణా అంగడి ఉంది. హోల్‌సేలూ ఉంది, చిల్లరా ఉంది.

“మా అంగట్లో మాటలు బయటికి పోతాండాయమ్మా. కెమెరాని ఎవరో పట్టుకున్నారు. నువ్వొచ్చి చూడాల.”

మర్నాడే బస్సెక్కాను. లాప్‌టాప్, రెండు రకాల కేబుళ్ళు, ఆపరేషన్‌కు వెళ్ళే డాక్టరు ముఖం, అన్నీ వెంట తీసుకెళ్ళాను.

సంగతి ఇది. అంగట్లో రెండు కెమెరాలున్నాయి. ఒకటి గల్లాపెట్టె మీద. దానికి మైకు, స్పీకరు రెండూ ఉన్నాయి. రెండోది బయట, వసారాలో పేర్చిన మూటల మీద కన్నేయడానికి పెట్టింది. అందులో మూటలతో పాటు రోడ్డూ, ఆగిన బస్సులూ కనిపిస్తాయి. పండుగ వెళ్ళినప్పటి నుంచి శెట్టిగారు శెనగనూనెకు ఒక ధర చెబితే, బేరమాడి రోడ్డు దాటిన మనిషికి ఎదురంగడివాళ్ళు సరిగ్గా ఒక రూపాయి తక్కువ చెబుతున్నారు. బెల్లానికీ అంతే, కందిపప్పుకీ అంతే.

కెమెరాను అనుమానించక ముందే శెట్టిగారు మనిషిని అనుమానించారు. ఆ మనిషి పక్కపల్లె నుంచి రోజూ బస్సులో వచ్చే అశ్వత్థప్ప. శెట్టిగారి నాన్న గల్లా మీద కూర్చున్న కాలం నుంచీ ఆ అంగట్లో తూకం వేస్తున్నవాడు. ధరలు వినే మనిషి అతనొక్కడే కాబట్టి, మోసేదీ అతనే అని శెట్టిగారు తేల్చుకున్నారు. పొమ్మనలేదట, కొన్నాళ్ళు ఇంటి దగ్గర ఉండప్పా అన్నారట. ఆ మాటకు అర్థం బాగేపల్లిలో అందరికీ తెలుసు. అలా ఇంటికి పంపిన మనిషిని ఆ వీధిలో ఇంకే అంగడివాడూ గడప తొక్కనివ్వడు. అశ్వత్థప్పకు ఈ వయసులో వేరే పని చేతకాదు.

“వాడే అని నువ్వు కంప్యూటర్లో చూపిస్తే చాలమ్మా. తక్కినది నేను చూసుకుంటా,” అన్నారు శెట్టిగారు. నాకు చిరాకేసింది. నన్ను దొంగను పట్టుకోవడానికి పిలిచారా, తీర్పు ముందే రాసుకుని కింద సంతకానికి పిలిచారా అనిపించింది. ఆ మాట పైకి అనకుండా లాప్‌టాప్ తెరిచాను.

కెమెరాల విషయంలో నూటికి తొంభై పాళ్ళు తప్పు డిఫాల్ట్ పాస్‌వర్డ్‌లో ఉంటుంది. అంటే కంపెనీవాళ్ళు పెట్టి పంపిన పాస్‌వర్డ్‌ను ఎవరూ మార్చకపోవడం. ఇక్కడ మార్చారు. బెంగళూరులో ఉండే శెట్టిగారి అల్లుడు చాంతాడంత పాస్‌వర్డ్ పెట్టి వెళ్ళాడు. రూటర్, అంటే ఇంటర్నెట్ పెట్టె, చూశాను. అదీ గట్టిగానే ఉంది. దొడ్డిదారిన వచ్చిన జాడ ఎక్కడా లేదు. తొలిసారి హ్యాకర్ దొరికాడనుకుంటే వాడు కూడా చేజారిపోయాడని నా దిగులు నాకుంది.

చివరికి కెమెరా యాప్‌లో షేర్డ్ యూజర్స్ అనే చోటికి వెళ్ళాను. యజమాని అనుమతి ఇచ్చి చూడనిచ్చినవాళ్ళ పేర్లు అక్కడ ఉంటాయి. మామూలుగా భార్య, కొడుకు, అంతే. ఇక్కడ వేలితో తోస్తుంటే పేర్లు ఆగడం లేదు. మంజుల టైలర్. పాల శాంతమ్మ. చేలూరు అత్త. అంగనవాడి టీచర్. ఆ వరసలోనే ఎదురంగడి శెట్టిగారి భార్య. వీళ్ళలో ఒక్కరూ దొంగతనంగా దూరలేదు. అందరినీ ఎవరో పేరుపేరునా పిలిచి లోపల కూర్చోబెట్టారు.

అలా పిలిచే అధికారం రెండింటికే ఉంది. ఒకటి శెట్టిగారి ఫోన్. రెండోది మేడ మీద ఇంట్లో వాళ్ళమ్మ రత్నమ్మగారు చూసుకునే ట్యాబ్. కొడుకు వేళకు భోంచేశాడా లేదా అని పైనుంచి చూసుకోవడానికి అల్లుడు ఆమెకు అది ఏర్పాటు చేశాడు.

రత్నమ్మవ్వను కిందికి పిలిచారు. ఆమె మెల్లగా మెట్లు దిగి వచ్చి, సంగతి విని, ఏమాత్రం తడబడలేదు. పైగా సంబరంగా చెప్పింది. వరమహాలక్ష్మి పండుగకు వచ్చిన ముత్తైదువులకు ఏటా ఇచ్చే రవికెగుడ్డలు ఎవరూ కుట్టించుకోవడం లేదని, ఒకరిచ్చినవి ఇంకొకరికి ఇచ్చుకుంటున్నారని ఆమె కనిపెట్టింది. అందుకని ఈసారి పనికొచ్చేది ఇవ్వాలనుకుంది. ట్యాబ్‌లో షేర్ అని నొక్కితే ఒక క్యూఆర్ కోడ్ వస్తుంది, దాన్ని ఎవరి ఫోన్‌కు చూపిస్తే వాళ్ళకు రెండు కెమెరాలూ వస్తాయి అని అల్లుడు ఎప్పుడో చెప్పాడు. ఆ నల్లచుక్కల ముద్రను కట్టలకొద్దీ జెరాక్స్ తీయించి, ఆకు, వక్క, అరటిపండు, రవికెగుడ్డ, వాటన్నిటి మీదా ఒక్కొక్కటి పెట్టి, మూలన పసుపు కుంకుమ అద్ది, తాంబూలంలో ఇచ్చింది.

నేను చాలా రకాల దాడుల గురించి చదివాను. పాస్‌వర్డ్ ఊహించడం, మోసపు లింకు పంపడం, ఫోన్ చేసి నమ్మించడం అన్నీ తెలుసు. తాంబూలం ఏ పుస్తకంలోనూ లేదు.

“ఎందుకిచ్చినావు అవ్వా?” అని అడిగాను.

“ఎండలో బిడ్డల్నెత్తుకోని బస్సు కోసరం నిలబడతాండారు గదమ్మా. ఇంట్లో కూచోనే బస్సొచ్చిందా లేదా అని చూసుకుంటే మనదేం పోతుంది?”

నేను నా డాక్టరు ముఖం పెట్టి, ఎంత ఎక్కువమంది చూస్తే అంత ప్రమాదమని, తెలిసినవాళ్ళైనా ఇవ్వకూడదని వివరంగా చెప్పాను. ఆమె అంతా ఓపిగ్గా విని, “పదిమంది చూస్తాంటే దొంగ యాడ్నుంచి వస్తాడమ్మా?” అంది. నేను నా డాక్టరు ముఖం తీసి పక్కన పెట్టాను.

ఎదురంగడి ఆయమ్మకు ఎందుకిచ్చావని శెట్టిగారు నీరసంగా అడిగారు. ఆమె వరసకు పెద్ద ముత్తైదువ కాబట్టి మొదటి తాంబూలం ఆమెకే ఇచ్చానని రత్నమ్మవ్వ చెప్పింది. శెట్టిగారు పక్కనున్న బియ్యం మూట మీద కూలబడ్డారు. తాంబూలంలో ఇచ్చినదాన్ని తిరిగి అడగడం కుదరదు. పోట్లాడితే, మీ అమ్మే కదా ఇచ్చింది అంటారు. అన్నిటికన్నా పెద్ద సంగతి ఆయన నోటివెంట ఇంకా రాలేదు. నాకే ఉండబట్టలేక, “అయితే అశ్వత్థప్ప ఏమీ చేయలేదు,” అన్నాను. ఆయన తల వంచుకున్నారు.

అందరినీ ఒక్క దెబ్బతో తీసేసి, పాస్‌వర్డ్ మార్చేద్దామని మళ్ళీ పేర్ల వైపు తిరిగాను. ఆ క్షణంలో కెమెరా చూస్తున్నవాళ్ళ పేరు పక్కన పచ్చచుక్క వెలుగుతుంది. హిందూపురం బస్సు అప్పుడే వెళ్ళిపోయింది కాబట్టి చుక్కలన్నీ ఆరిపోయాయి. ఒక్కటి మాత్రం వెలుగుతోంది. అది చూస్తున్నది కూడా బయటి కెమెరా కాదు, గల్లాపెట్టె మీది కెమెరా. పేరు గిరిజ.

గిరిజ ఎవరని అడిగాను.

“మన అశ్వత్థ పెండ్లాము గదమ్మా. ఆ పిల్ల కూడా వచ్చింటుంది తాంబూలానికి,” అంది అవ్వ.

ముగ్గురం తలెత్తి గోడ మీది కెమెరాను చూశాం. అశ్వత్థప్ప ఇంట్లో కూర్చుని, భార్య ఫోన్‌లో, తనను పంపించేసిన అంగడిని చూస్తున్నాడన్నమాట. పొద్దుటి నుంచీ ఇక్కడ అనుకున్నవన్నీ వినే ఉంటాడు. వాడే అని చూపిస్తే చాలన్న మాట కూడా.

సరిగ్గా అప్పుడే ఒకామె వచ్చి అరకిలో సగ్గుబియ్యం అడిగింది. శెట్టిగారు లేచి ఒక డబ్బా మూత తీశారు. మిరియాలు. ఇంకొకటి తీశారు. సోంపు. అశ్వత్థప్ప లేని ఈ నాలుగు రోజులుగా అంగట్లో ఏది ఎక్కడుందో ఆయనకు దొరకడం లేదు. ఇంకో డబ్బా మీద చెయ్యి వేయబోతుంటే గోడ మీది నుంచి మాట వినిపించింది.

“ఆడ కాదు శెట్టిగారూ. కింద, బియ్యం మూట ఎనక ఉండాది.”

సగ్గుబియ్యం అడిగినామె ఉలిక్కిపడి కొంగు సర్దుకుంది. శెట్టిగారు మాత్రం వంగి, మూట వెనక నుంచి సంచి తీసి, తూచి, కట్టి ఇచ్చారు. ఆమె వెళ్ళేదాకా కెమెరా వైపు చూడలేదు. తర్వాత తువ్వాలుతో ముఖం తుడుచుకుని, తలెత్తి అన్నారు.

“అశ్వత్థా, తప్పు నాదేనప్పా. రేపు వచ్చేయ్.”

నెట్ పోయిందేమోనని నేను చూసుకున్నాను. పోలేదు.

“రేపంటే ఎట్లా? సాయంత్రం బెల్లం లోడు వస్తుంది గదా, మీరొక్కరే దింపించుకోలేరు. ఇప్పుడే బయల్దేరతాండా. ఆ పాపకి చెప్పండి, పాస్‌వర్డు అప్పుడే మార్చద్దని. మా ఊరికొచ్చి తిరిగి పొయ్యే బస్సు ఆడ్నుంచి కదిలిందో లేదో చూసుకోవాల.”

ఆ మధ్యాహ్నం నేను, కంప్యూటర్ సెక్యూరిటీ నిపుణురాలిని, ఒక అంగడిని ఊరంతా చూడకుండా కాపాడటానికి వచ్చినదాన్ని, మీట మీద వేలు పెట్టుకుని, బస్సు కదిలేదాకా కూర్చున్నాను. రత్నమ్మవ్వ మజ్జిగ తెచ్చిపెట్టింది. శెట్టిగారు మాటిమాటికీ బయటికి వెళ్ళి, డ్రైవరు టీ తాగడం అయిందా అని చూసి వచ్చారు.

మా రంగంలో లీస్ట్ ప్రివిలేజ్ అని ఒక సూత్రం ఉంది. ఎవరికి ఎంత అవసరమో అంతే చూడనివ్వడం. ఆ ప్రకారమే గల్లా కెమెరాను శెట్టిగారికీ అవ్వకూ మాత్రమే ఉంచాను. బయటి కెమెరాను కొద్దిగా తిప్పి, మూటలు కనపడకుండా రోడ్డు, బస్సులు మాత్రమే కనిపించేలా చేసి, దానికొక చిన్న వెబ్‌సైట్ కట్టాను. దానికి పాస్‌వర్డ్ లేదు. నేను చేసినవాటిలో జనం రోజూ చూసేది అదొక్కటే. నా పాత వెబ్‌సైట్‌తో పోలిస్తే నాకే అసూయ వేస్తుంది కాబట్టి దానికి కౌంటర్ పెట్టలేదు.

ఆ సూత్రం నాకు ముందే తెలుసు. బాగేపల్లిలో తెలిసింది వేరు. మా దగ్గరికి వచ్చేసరికే జనం తమ దొంగ ఎవరో నిర్ణయించుకుని ఉంటారు. మనం కంప్యూటర్ చిట్టాలు తిరగేస్తూ కూర్చున్నంతసేపూ ఒక మనిషి ఎక్కడో ఆ నింద మోస్తూ ఉంటాడు. అందుకే ఇప్పుడు ఎవరైనా హ్యాక్ అయిందని ఫోన్ చేస్తే, పాస్‌వర్డ్ ఏమిటని నేను మొదట అడగను. ఎవరి మీద అనుమానపడ్డారు, ఆ మనిషి ఇప్పుడు ఎక్కడున్నాడు అని అడుగుతాను.